కర్రకు తగిలిన బంతి

పిల్లలూ! ముందు ఒక ప్రశ్న అడుగుతాను. మీరు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. బంతిని గోలు మీదికి బలంగా తన్నారు. అది రివ్వున పోయి గోలు కర్రకు ఠంగున తగిలి, మళ్లీ మైదానంలోకి వచ్చి పడింది. మీ తన్ను గోలు మీదికి వెళ్లినట్టా, వెళ్లనట్టా?

"వెళ్లినట్టే! కర్రకే తగిలింది గదా!" అని మీలో చాలామంది అంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అన్నాను. అప్పటికి నేను ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, పైగా హెడ్మాస్టరును. అయినా నా లెక్క తప్పని ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె చూపించింది. ఆ సంగతి చెబుతాను, వినండి.

ఆ రోజుల్లో నేను ముంచింగిపుట్టు ప్రాంతంలో ఒక బడిలో పనిచేసేవాణ్ణి. ఆ ఊరు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. 2022లో ఆ జిల్లా ఏర్పడక ముందు అది విశాఖపట్నం జిల్లాలోది. పాడేరు నుంచి పెదబయలు మీదుగా కొండదారిన పోతే ముంచింగిపుట్టు వస్తుంది. అక్కడి నుంచి ఇంకా ముందుకు వెళితే మాచ్‌ఖండ్ నది మీద కట్టిన జోలాపుట్టు జలాశయం కనిపిస్తుంది. ఆ పక్కదంతా ఒడిశా.

మా బడి మైదానం ఎర్రమట్టి నేల. ఒక పక్క పల్లం. బంతి పల్లం వైపు పోయిందంటే ఎవరో ఒకరు గెడ్డదాకా పరుగెత్తవలసిందే. చలికాలం పొద్దున పూట మంచు దట్టంగా పట్టినప్పుడు ఈ గోలు దగ్గర నిలబడ్డవాడికి ఆ గోలు కనిపించేది కాదు. గోలు కర్రలు వెదురు బొంగులు. వాటి మీద అడ్డంగా ఇంకొక బొంగును పిల్లలే కట్టుకున్నారు.

మొదట్లో గోలు వెనక వల ఉండేది కాదు. దానితో రోజూ తగాదాలే. బంతి కర్ర పక్కనుంచి పోయేది. "లోపలినుంచే పోయింది" అని ఒకరు, "కాదు, బయటినుంచి పోయింది" అని మరొకరు! చివరికి జలాశయంలో చేపలు పట్టేవారు పారవేసిన పాత వల ఒకటి తెచ్చి కట్టాము. ఆ రోజుతో సగం తగాదాలు పోయినవి.

ఇది మాకు ఒక్కరికే తోచిన ఉపాయం కాదు సుమా! ఇంగ్లండులో లివర్‌పూల్ నగరానికి చెందిన జాన్ అలెగ్జాండర్ బ్రోడీ అనే ఇంజనీరు ఇలాంటి తగాదాలే చూసి, గోలుకు వల కట్టాలని ఆలోచించాడు. 1891లో ఆ వల ఆటలో వాడుకలోకి వచ్చింది. వంతెనలు, రోడ్లు వేసే ఇంజనీరుకు గోలు వల కూడా ఒక ఘనకార్యమే అయింది.

ఇక అసలు కథకు వద్దాం.

ఆ ఏడు పాడేరులో ఆటల పోటీలకు మా బడి నుంచి ఒక్క జట్టునే పంపటానికి వీలయింది. ఏడో తరగతివాళ్లు ఎర్రజట్టు, ఎనిమిదో తరగతివాళ్లు పచ్చజట్టు. గెలిచిన జట్టు పాడేరు పోతుంది. ఆ పిల్లల్లో సగంమంది అప్పటికి పాడేరు చూడలేదు. కాబట్టి వాళ్లకు అది చిన్న సంగతి కాదు.

ఆట హోరాహోరీగా సాగింది. అటు రెండు గోల్స్, ఇటు రెండు గోల్స్. ఈల వేసేసరికి కొండమీదినుంచి వాన దిగుతున్నది. ఇంకా ఆడించే వీలు లేదు. పాడేరుకు జట్టు పేర్లు మర్నాడే పంపాలి. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది.

"గోలు మీదికి ఎవరు ఎక్కువసార్లు కొట్టారో వాళ్లే గెలిచినట్టు," అన్నాను.

నా చేతిలో ఒక కాగితం ఉన్నది. ఆట చూస్తూ గీతలు పెట్టుకున్నాను. పచ్చజట్టుకు ఏడు, ఎర్రజట్టుకు అయిదు. "పచ్చజట్టు పాడేరు పోతుంది!" అని చెప్పాను. ఎనిమిదో తరగతివాళ్లు ఎగిరి గంతులు వేశారు. ఏడో తరగతివాళ్లు తలలు వంచుకున్నారు.

అంతలో పచ్చజట్టు లెక్కలు రాసే పిల్ల నా దగ్గరికి వచ్చింది. చేతిలో పలక.

"మాష్టారూ, మా వాళ్లవి ఏడు కాదండి. ఆరే," అన్నది.

"అదేమిటమ్మా? నేను చూస్తూ రాశాను గదా?"

"మావాళ్లు రెండు గోల్స్ కొట్టారు. ఎర్రజట్టు కీపరు నాలుగు ఆపాడు. రెండూ నాలుగూ ఆరు. ఏడోది ఎవరు ఆపారండి?"

నాకు జవాబు తోచలేదు. కాగితం చూసుకున్నాను. ఏడోది కర్రకు తగిలి వెనక్కు వచ్చిన బంతి!

పక్కనే నిలబడి ఆట చూస్తున్న ముసలి రైతు ఒకాయన, "కర్రకు తగిలింది గదా బాబూ! మరి లెక్క లేదంటే ఎట్లా?" అని అడిగాడు.

ఆ పిల్ల ఆయన వంక తిరిగి, "తాతా! చింతకాయకు రాయి విసిరితే కొమ్మకు తగిలింది. కాయ రాలుతుందా?" అన్నది.

తాత నవ్వేశాడు. కాని ఆ పిల్ల అంతటితో ఊరుకోలేదు.

"ఎర్రజట్టువాళ్లవి అయిదు కాదండి, ఆరు. మా కీపరు ముందుకు వచ్చేసినప్పుడు బంతి అతణ్ణి దాటిపోయింది. గీత మీద నిలబడి మా తరగతివాడు కాలితో ఆపాడు. మీరు దాన్ని రాయలేదు."

చూశారా? నేను చేసినవి రెండు తప్పులు. రెండూ ఆ పిల్ల తరగతికే లాభం. అయినా రెంటినీ ఆ పిల్లే దిద్దింది. వెనక ఆమె తోటివాళ్లు గుడ్లురిమి చూస్తున్నారు. నేను మళ్లీ కూడితే అటు ఆరు, ఇటు ఆరు!

గురిదెబ్బ అంటే ఏమిటి?

ఇంగ్లీషులో దీన్ని షాట్ ఆన్ గోల్ అంటారు, షాట్ ఆన్ టార్గెట్ అని కూడా అంటారు. మా పిల్లలు దానికి "గురిదెబ్బ" అని పేరు పెట్టుకున్నారు. పేరు బాగున్నది, మనమూ అలాగే అందాం. ఏది గురిదెబ్బ? దీనికి ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: ఎవరూ ఆపకపోతే ఈ బంతి గోలులోకి పోయి ఉండేదా?

బంతి గోలులో పడింది. ఇది గురిదెబ్బే. ఇందులో సందేహం లేదు.

గోలులోకి పోతున్న బంతిని కీపరు ఆపాడు. ఇదీ గురిదెబ్బే. కీపరు లేకపోతే అది గోలే గదా!

కీపరు చేతికి అందకుండా పోతున్న బంతిని చిట్టచివర నిలబడ్డ కాపలా ఆటగాడు ఆపాడు. అతని వెనక ఇక ఎవరూ లేరు. ఇదీ గురిదెబ్బే.

బంతి కర్రకు తగిలి తిరిగి వచ్చింది. ఇది గురిదెబ్బ కాదు. ఎందుకంటే దాన్ని ఎవరూ ఆపలేదు. అది తనంతట తానే గోలు తప్పింది. కాని కర్రకు తగిలి లోపలికి పోతే అది గోలు, కాబట్టి గురిదెబ్బ కూడా.

బంతి పక్కనుంచో పైనుంచో పోయింది. ఇది గురి తప్పిన దెబ్బ.

దారిలో మామూలు కాపలా ఆటగాడికి తగిలి ఆగింది. అతని వెనక ఇంకా కీపరు ఉన్నాడు. దీన్ని "అడ్డుపడిన దెబ్బ" అని వేరే గడిలో రాస్తారు.

ఇక తమ గోలులో తామే వేసుకున్న సొంత గోలు ఉన్నది. అది స్కోరులో ఎదుటివాళ్లకు కలుస్తుంది గాని, వాళ్ల దెబ్బల లెక్కలో చేరదు. వాళ్లు తన్నలేదు గదా!

ఇందులో ఒక చక్కని సంగతి గమనించండి. సొంత గోల్స్ పక్కన పెడితే, ఒక జట్టు గురిదెబ్బలు ఎన్నో తెలియటానికి ఆ జట్టు గోల్స్, ఎదుటి కీపరు ఆపినవి, చివరివాడు ఆపినవి కలిపితే చాలు. అంటే ఒకే సంగతి రెండు పుస్తకాల్లో పడుతున్నదన్నమాట. కొట్టినవారి పుస్తకంలో దెబ్బ, ఆపినవారి పుస్తకంలో ఆపటం. కోమటి కొట్లో జమాఖర్చులు సరిచూసినట్టు ఈ రెండూ సరిచూడవచ్చు. సరిపోకపోతే ఎక్కడో తప్పున్నది. ఆ పిల్ల నా తప్పు పట్టుకున్నది ఈ కిటుకుతోనే.

గోలు అంటే ఏమిటి?

గురిదెబ్బ సంగతి ఫుట్‌బాల్ చట్టాల పుస్తకంలో వెతికితే మీకు కనిపించదు. గోలు అంటే ఏమిటో మాత్రమే ఆ పుస్తకం చెబుతుంది. గురిదెబ్బ అన్నది లెక్కలు రాసేవారు తమ సౌకర్యానికి పెట్టుకున్న మాట.

గోలు వాకిలి వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పాత కొలతల్లో ఎనిమిది గజాలు, ఎనిమిది అడుగులు. బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు. కాబట్టి అడ్డుకొలత సుమారు 22 సెంటీమీటర్లు. ఆ బంతి మొత్తం గోలు గీతను పూర్తిగా దాటితేనే గోలు. అంచు కాస్త గీత మీద మిగిలి ఉన్నా గోలు కాదు.

ఈ "పూర్తిగా" అన్న మాట ఎంత తగాదా తెచ్చిందో చూడండి. 1966 జూలై 30న లండనులో, వెంబ్లీ మైదానంలో, ఇంగ్లండుకూ పశ్చిమ జర్మనీకీ ప్రపంచ కప్పు ఫైనలు జరిగింది. అదనపు సమయంలో జెఫ్ హర్స్ట్ కొట్టిన బంతి అడ్డకర్ర అడుగున తగిలి, నేలమీద పడి, బయటికి ఎగిరింది. గీత దాటిందా, లేదా? రిఫరీ డీన్స్ట్ తేల్చుకోలేక లైన్స్‌మన్ బహ్రామోవ్‌ను అడిగాడు. ఆయన గోలే అన్నాడు. ఇంగ్లండు 4–2తో గెలిచింది. ఆ బంతి గురించి నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

నలభై నాలుగేళ్ల తరవాత ఆ రెండు దేశాలకే, దానికి ఎదురు సంగతి జరిగింది. 2010 జూన్ 27న దక్షిణాఫ్రికాలోని బ్లోమ్‌ఫోంటీన్‌లో ఇంగ్లండు ఆటగాడు ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి అడ్డకర్రకు తగిలి గీత లోపల బాగా దూరాన పడింది. టెలివిజనులో అందరూ చూశారు. రిఫరీ మాత్రం చూడలేదు. గోలు ఇవ్వలేదు. జర్మనీ 4–1తో గెలిచింది. ఆ తరవాత, బంతి గీత దాటిందీ లేనిదీ యంత్రంతో కనిపెట్టే పద్ధతికి 2012లో అనుమతి వచ్చింది. 2014 ప్రపంచ కప్పులో దాన్ని వాడారు. ఇప్పుడు బంతి గీత దాటగానే రిఫరీ చేతి గడియారానికి కబురు అందుతుంది.

మిగతా ఆటల మాట

ఆట మారితే లెక్కా మారుతుంది. ఐసు హాకీలో కూడా కర్రకు తగిలి వెనక్కు వచ్చినది గురిదెబ్బ కాదు. మన దేశంలో ఆడే హాకీలో ఇంకొక షరతు ఉన్నది. గోలు ముందు 14.63 మీటర్ల దూరాన వంపుగీత గీస్తారు. ఆ గీత లోపల దాడి జట్టువారి కర్ర బంతికి తగలాలి. బయటినుంచి కొట్టిన బంతి ఎవరికీ తగలకుండా నేరుగా లోపలికి పోయినా గోలు కాదు!

హాండ్‌బాల్‌లో గోలు చిన్నది: వెడల్పు 3 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు. ఎదర 6 మీటర్ల గీత లోపల నేల కీపరుది. కొట్టేవాడు దానిమీదుగా గాలిలోకి ఎగిరి, కాలు నేలకు ఆనకముందే బంతి విసరాలి. బాస్కెట్‌బాల్‌లో అసలు కీపరే ఉండడు. అంతేకాదు, బంతి బుట్టకన్న ఎత్తున ఉండి బుట్టలోకి దిగుతున్నప్పుడు కాపలా ఆటగాడు దాన్ని తాకకూడదు. తాకితే బుట్టలో పడినట్టే లెక్క.

ఈ లెక్క ఎవరికోసం?

"గెలుపు ఓటములు గోల్స్‌తోనే తేలుతాయి గదా! మరి ఈ గురిదెబ్బలు రాయటం దేనికి?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. దీనికి జవాబు మన హైదరాబాదులో దొరుకుతుంది.

సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఆయన హైదరాబాదులో ఉపాధ్యాయుడు. ఫుట్‌బాల్ నేర్పటంలో ఆయనకు సాటి లేదు. ఆయన తయారుచేసిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. అక్కడ ఆస్ట్రేలియాను 4–2తో ఓడించినప్పుడు నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. 1960 రోం ఒలింపిక్స్‌లో బలమైన హంగేరీ చేతిలో మనవాళ్లు 2–1తో మాత్రమే ఓడారు. మన గోలు కొట్టినవాడు సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనలులో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి మన జట్టు బంగారు పతకం తెచ్చింది. మన గోల్స్ కొట్టినవారు పి. కె. బెనర్జీ, జర్నైల్ సింగ్. మరుసటి ఏడు, 1963లో, రహీం మాష్టారు క్యాన్సరుతో కన్నుమూశారు.

ఇప్పుడు మళ్లీ చదవండి. నేను ఎవరి పేర్లు చెప్పాను? గోల్స్ కొట్టినవారి పేర్లే చెప్పాను! హైదరాబాదులోనే పుట్టిన పీటర్ తంగరాజ్ పేరు చెప్పలేదు. ఆ రోజుల్లో మన దేశపు గొప్ప గోల్‌కీపరు ఆయన. 2–1 అన్న అంకెలో కొట్టిన గోల్స్ కనిపిస్తవి గాని, కీపరు ఆపిన బంతులు కనిపించవు. గురిదెబ్బల లెక్క రాస్తే అవీ కనిపిస్తవి. ఎదుటివాళ్లవి పది గురిదెబ్బలు, ఒక్కటే గోలు అని రాసి ఉంటే, మిగతా తొమ్మిదీ ఎవరో ఆపారన్నమాట. ఆ లెక్క ఉన్నది అందుకు.

అయితే ఈ లెక్కకూ ఒక హద్దున్నది. నెమ్మదిగా దొర్లి కీపరు చేతిలో పడిన బంతీ గురిదెబ్బే; అతడు ఎగిరి వేలికొనలతో తప్పించిన బంతీ గురిదెబ్బే. రెంటికీ ఒకటే గీత. పైగా దూరం సంగతి చూడండి. గోలుకు ఎదురుగా 11 మీటర్ల దూరాన నిలబడితే, రెండు కర్రల మధ్య వాకిలి సుమారు 37 డిగ్రీల కోణంలో కనిపిస్తుంది. 30 మీటర్ల దూరాన నిలబడితే 14 డిగ్రీలే. దూరం నుంచి గురి పెట్టటం అంత కష్టం. అందుకే ఈనాటి లెక్కలవాళ్లు ప్రతి దెబ్బా ఎక్కడినుంచి కొట్టారో చూసి, అది గోలు అయ్యే అవకాశం ఎంతో కూడా లెక్క కడుతున్నారు.

చివరికి ఏమయింది?

ఆరూ ఆరూ సమానం అని తేలాక నాకు ఇంకొక తప్పు కూడా కనిపించింది. ఆట అయిపోయిన తరవాత నేను కొత్త చట్టం చేశాను! గోల్స్ చూసి గెలుపు చెప్పవలసిన ఆటను గురిదెబ్బలతో తేల్చబోయాను. ముందే చెప్పి ఉంటే పిల్లలు ఇంకొక విధంగా ఆడేవారేమో. పిల్లలందరి ఎదుటా "తప్పు నాదే" అని ఒప్పుకున్నాను.

మర్నాడు పొద్దున మంచు విడవగానే, రెండు జట్ల పిల్లలూ ఒప్పుకున్న మీదట, జట్టుకు అయిదేసి తన్నులు తన్నించాము. ఎర్రజట్టు నాలుగు కొట్టింది, పచ్చజట్టు మూడు. ఎర్రజట్టు పాడేరు పోయింది.

పచ్చజట్టువాళ్లు ఆ పిల్లతో రెండు రోజులు మాట్లాడలేదు. "నువ్వు నోరు మూసుకుని ఉంటే మనమే పోయేవాళ్లం," అన్నారట. ఆ పిల్ల వచ్చి నాతో ఆ మాట చెప్పలేదు. నాకు తరవాత తెలిసింది. మూడో రోజున వాళ్ల కీపరే ఆమె దగ్గరికి పోయి, "నేను ఎన్ని ఆపానో పలకమీద రాశావా?" అని అడిగాడు. "మూడు," అని చూపించింది. వాడు ఆ మూడూ ఎప్పుడెప్పుడు ఆపాడో చెప్పించుకుని విన్నాడు. ఆమె లెక్కలో ఒక్కటి కూడా ఎక్కువ వేయదని వాడికి తెలుసు. అందుకే ఆ మూడూ నిజంగా తనవే అని సంతోషించాడు.

పాడేరు ప్రయాణంలో ఎర్రజట్టుతోపాటు లెక్కలు రాయటానికి ఆ పిల్లను కూడా తీసుకుపోయాము. అడిగింది ఎర్రజట్టువాళ్లే.

మీరూ చేసి చూడండి

ఈసారి మీ బడిలో ఆట జరిగినప్పుడు ఇద్దరు కూర్చోండి. ఒకరు కొట్టిన గురిదెబ్బలు రాయండి. ఇంకొకరు గోల్స్, ఆపినవి రాయండి. ఆట అయ్యేదాకా ఒకరి పలక ఒకరు చూడకండి. చివర రెండూ సరిచూడండి.

ఈ కింది వాటిలో ఏవి గురిదెబ్బలో చెప్పండి: (1) అడ్డకర్రకు తగిలి పైకి పోయిన బంతి. (2) కర్రకు తగిలి లోపలికి పోయిన బంతి. (3) గోలు పక్కకు పోతున్న బంతిని కీపరు అనవసరంగా పట్టుకున్నాడు. (4) కీపరు పడిపోయి ఉండగా, గీత మీద చివరివాడు తలతో ఆపిన బంతి.

జవాబులు: రెండోదీ, నాలుగోదీ గురిదెబ్బలు. మొదటిది కాదు. మూడోదీ కాదు, ఎవరూ ఆపకపోయినా అది గోలులోకి పోయేది కాదు గదా!